కారు పిన్ని దాచిన మాట

కారు పిన్నికి భయమంటే ఏంటో తెలియదని ఆ పేటలో అందరూ చెప్పుకునేవారు. అందరికంటే ఎక్కువసార్లు ఆ మాట చెప్పింది కారు పిన్నే.

ఇరవై రెండేళ్ళుగా ఆవిడ ఒక డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్ళకి కారు నేర్పుతోంది. నిజానికి ఎవరికీ సొంత పిన్ని కాదు. మొట్టమొదట నేర్చుకున్న పక్కింటి అమ్మాయి అలవాటుగా పిలిచిన పిలుపు వీధివీధికీ పాకి, చివరికి ఆవిడ కంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా పిన్నీ అనడం మొదలుపెట్టారు. పొట్టి మనిషి. గొంతు మాత్రం మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి వినపడేది. ఎండైనా వానైనా కాళ్ళకి పల్చటి కాన్వాసు బూట్లే. మందం చెప్పులేసుకుంటే పెడలు సంగతి కాలికి తెలియదనేది.

నేర్పే కారుకి రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, ఇంకోటి పక్కసీట్లో కూర్చున్న నేర్పేవాళ్ళ కాలి కింద. "నా బ్రేకు నేను ఏడాదికి రెండుసార్లు తొక్కితే ఎక్కువ" అని చెప్పుకునేది పిన్ని. తోటి మాస్టర్లు దాన్ని గొప్పలు అని కొట్టిపారేయలేకపోయేవారు, ఎందుకంటే అది నిజం. గుంపులోకి దూరిపోతున్న కారులో కూడా కాళ్ళు రెండూ వెనక్కి పెట్టుకుని, చేతులు ఒళ్ళో వేసుకుని, "ఇప్పుడేం చేస్తావు చెప్పు?" అని తీరిగ్గా అడిగేది. స్టీరింగ్ పట్టుకున్న మనిషికి ముచ్చెమటలు పోసేవి. కానీ నెల తిరిగేసరికి వాళ్ళే ఒంటిచేత్తో గేరు మార్చుకుంటూ బజారుకి పోయేవారు.

ఆవిడ కారులో ఒక మాట నిషేధం. ఎవరైనా నోరు జారి "భయమేస్తోంది పిన్నీ" అన్నారా, కారు దింపి మైదానం చుట్టూ రెండు రౌండ్లు నడిపించేది. ఒక బడి పంతులమ్మ మూడు వారాల్లో అయిదు కిలోలు తగ్గి, తనకి డ్రైవింగ్ రాకపోయినా దిగుల్లేదని చెప్పుకుని నవ్వుకుంది. పిన్ని కూడా నవ్వింది. రౌండ్లు మాత్రం మాఫీ చెయ్యలేదు.

ఆవిడ పుట్టుకతోనే ఇలాంటి మనిషి కాదు. పంతొమ్మిదేళ్ళప్పుడు తండ్రి ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తూ చేస్తూనే కూలబడి చనిపోయాడు. ఇంట్లో తల్లి గోడకి ఆనుకుని పలక్కుండా కూర్చుండిపోయింది. ఇద్దరు చెల్లెళ్ళు తలో మూలా చేరి వెక్కుతున్నారు. అప్పుడు పెద్దమామయ్య ఈవిడని పక్కకి పిలిచి, భుజమ్మీద చెయ్యివేసి అన్నాడు. "ఇంటికి పెద్దదానివి. నువ్వు బెదిరితే వీళ్ళు ఏమైపోతారో చూసుకో. నీ కంట్లో నీళ్ళు కనపడకూడదమ్మా."

మామయ్య మంచికే చెప్పాడు. చెప్పి, కాసేపుండి, తన ఇంటికి తను వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం ఈవిడ దగ్గరే ఉండిపోయింది. ఆ రోజు నుంచి చెల్లెళ్ళ పరీక్షలు, తల్లి మందులు, ఇంటి పైకప్పు కారడం, అన్నిటికీ ముందు నిలబడింది. చూసినవాళ్ళు "మగపిల్లాడైనా ఇంత చెయ్యడు" అనేవారు. అలా అన్న ప్రతిసారీ ఆవిడ వెన్ను మరి కాస్త నిటారుగా అయ్యేది. పొగడ్త కూడా ఒక రకం తాడే. కట్టేటప్పుడు మెత్తగా ఉంటుంది, విప్పుకోబోతే తెలుస్తుంది దాని ముడి.

పెళ్ళయ్యాక ఆ పద్ధతి అత్తింటికీ వచ్చింది. ఆవిడ భర్త గడియారాలు బాగుచేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. చిమటా, భూతద్దం ముందేసుకుని ఆవగింజంత చక్రాలతో గంటలు గంటలు కూర్చుంటాడు గానీ, గోడమీద బల్లి కనపడితే కుర్చీ ఎక్కి నిలబడతాడు. చీపురు తెచ్చి బల్లిని బయటికి తోలేది పిన్నే. దాని మీద ఇంట్లో ఎన్ని జోకులో. ఆయన కూడా వాటిని విని హాయిగా నవ్వేవాడు. ఆయన భయపడితే అది ముచ్చట. ఆవిడ భయపడటమన్నది ఆ ఇంట్లో ఎవరి ఊహకీ అందని విషయం.

వాళ్ళకి ఒక్కతే కూతురు. కళ్ళద్దాల దుకాణంలో పని. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకి కారు నేర్పిన మనిషి కూతురు రోజూ బస్సులో వేలాడుతూ పనికి వెళ్ళేది. పద్దెనిమిదేళ్ళప్పుడు తల్లి దగ్గర రెండు రోజులు నేర్చుకుని, మూడో రోజు "నాకు ఇష్టం లేదమ్మా" అని మానేసింది. కుమ్మరి ఇంట కుండ కరువని అందరూ ఎగతాళి చేసేవారు. పిన్ని కూడా, "దీనికి వాళ్ళ నాన్న పోలిక" అని నలుగురిలో అనేసేది. కూతురు తల వంచుకుని ఫోన్ చూసుకునేది.

రోజులలా సాగుతుండగా, వాన వెలిసిన ఒక మంగళవారం ఉదయం ఆ సంఘటన జరిగింది.

ఆ రోజు స్టీరింగ్ దగ్గర ఉన్నది ఇరవై మూడేళ్ళ అమ్మాయి. పళ్ళ డాక్టరు క్లినిక్‌లో వచ్చిన వాళ్ళ పేర్లు రాసుకుని లోపలికి పంపే ఉద్యోగం. పదిహేడో క్లాసు. చెయ్యి బాగానే కుదురుకుంది. ఆస్పత్రి దగ్గర నాలుగు రోడ్లు కలిసే కూడలికి వంద గజాల దూరంలో ఉండగా ఆ అమ్మాయి వేగం తగ్గించింది.

"పిన్నీ, ఒక్క నిమిషం పక్కకి ఆపుతానండి."

"ఎందుకు?"

"అటు నుంచి లారీ వస్తోంది. అది ఆగేట్టు లేదు. నాకెందుకో భయంగా ఉంది."

"మనకి పచ్చలైటు. వాడు ఆగుతాడు. ప్రతి లారీకీ భయపడితే బండి షెడ్డులో పెట్టుకుని పూజ చేసుకోవాలి. పద పద."

"కాదండీ..."

"పదమన్నానా! దిగాక నడుద్దువుగాని నీ రెండు రౌండ్లు."

అమ్మాయి కారు ముందుకి పోనిచ్చింది. లారీ ఆగలేదు.

పిన్ని కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. కానీ ఒళ్ళో చేతులు పెట్టుకుని, వెనక్కి ముడుచుకుని కూర్చున్న కాలు పెడలు దాకా రావడానికి పట్టిన ఆ అరక్షణం ఎక్కువైపోయింది. లారీ అమ్మాయి వైపు తలుపుకి కొట్టి, కారుని బొంగరంలా తిప్పి, రోడ్డు మధ్య దిమ్మెకేసి ఆనించింది.

పిన్నికి ఒంటి మీద గీత కూడా పడలేదు. అమ్మాయికి భుజం ఎముక, మోచెయ్యి విరిగాయి. తలకి గాజు ముక్కలు గుచ్చుకున్నాయి. తర్వాత అరగంట పిన్ని చేసిన పనులు ఆ కూడలిలో చూసినవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. వంగిపోయిన తలుపుని ఇద్దరు మనుషుల చేత పట్టించి ఊడదీయించింది. అమ్మాయి మెడ కదలకుండా తన రెండు చేతులతో పట్టుకు కూర్చుంది. అంబులెన్సుకి దారి ఇవ్వని వాళ్ళని తిట్టి వెనక్కి తోయించింది. ఎవరో "ఏం గుండెరా నాయనా ఈవిడది" అన్నారు. ఆ మాట పిన్ని చెవిన పడింది. ఎప్పుడూ వెన్ను నిటారు చేసే ఆ మాటకి ఈసారి ఆవిడ తలెత్తి చూడలేదు.

విచారణకి వచ్చిన అధికారి ఆస్పత్రి మంచం దగ్గర అమ్మాయిని అడిగాడు. తప్పు లారీదేనని తేలిపోయింది, కాగితాలు నింపడానికే ఆయన ప్రశ్నలు. "నువ్వు లారీని ముందే చూశావా అమ్మా?"

అమ్మాయి మంచం చివర నిలబడ్డ పిన్ని వైపు ఒక్కసారి చూసి, "చూసుకోలేదండి. నేనే తొందరపడ్డాను" అంది.

పిన్ని నోరు తెరవలేదు. అధికారి రాసుకుని వెళ్ళిపోయాడు. అమ్మాయి తల్లి పిన్ని చేతులు పట్టుకుని, "మీరు లేకపోతే నా పిల్ల నాకు దక్కేది కాదు" అని ఏడ్చింది. పిన్ని అలవాటు చొప్పున అంది. "ఏం కాదు, ధైర్యంగా ఉండాలి. కట్టు విప్పగానే మీ అమ్మాయి మళ్ళీ నేర్చుకుంటుంది." అని, తేలు కుట్టిన దొంగలా ఆ వార్డు నుంచి బయటపడింది.

తర్వాతి వారం స్కూలుకి కొత్త కారు వచ్చింది. పిన్ని పక్కసీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. వేసుకోగానే చెవుల్లో హోరు మొదలైంది. నేర్చుకునే మనిషి తాళం తిప్పకముందే ఈవిడ కాలు బ్రేకు మీద బిగుసుకుపోయింది. ఏదో నీరసం అనుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఎవరితో చెప్పాలి? ఏమని చెప్పాలి? ఇరవై రెండేళ్ళుగా భయమన్న మాట వింటే రౌండ్లు కొట్టించిన మనిషి, తనకే భయమేస్తోందని చెబితే నవ్విపోరూ? నవ్వినా ఫర్వాలేదు. ఎందుకేస్తోందని ఎవరైనా అడిగితే? ఆ అమ్మాయి అన్న మాట చెప్పాల్సొస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సరిగ్గా అప్పుడే స్కూలు ఓనరుకి ఒక ఆలోచన తట్టింది. ఆయన మంచివాడే గానీ హడావుడి మనిషి. "అక్కయ్యా, ఊరంతా నీ గురించే మాట్లాడుకుంటున్నారు. టౌన్‌హాల్లో ఆడవాళ్ళ సభ పెడుతున్నారట. నిన్ను మాట్లాడమంటున్నారు. మన స్కూలుకి పేరొస్తుంది. కాదనకు" అన్నాడు.

కాదంటే ఎందుకంటారు. వెళ్ళింది. వేదిక వెనక గుడ్డ మీద ఆవిడ ఫోటో నిలువెత్తున, పక్కన పెద్దక్షరాల్లో "భయమెరుగని మహిళ". మూడొందల మంది ఆడవాళ్ళు. పిన్ని మైకు పట్టుకుని, భయం మన నీడలాంటిది, వెలుగు వైపు నడిస్తే వెనకబడిపోతుంది అని చెప్పింది. కూడలిలో తన కాళ్ళూ చేతులూ ఒక్క క్షణం కూడా ఆగలేదని చెప్పింది. ఆడది బెదిరితే ఇల్లంతా బెదురుతుందని చెప్పింది. చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. పిన్ని జ్ఞాపిక అందుకుని కిందికి దిగి, నేరుగా బాత్రూముకి వెళ్ళి వాంతి చేసుకుంది. ఇంటికి నడిచి వెళ్ళింది, నాలుగు మైళ్ళు. బస్సెక్కితే ఆ కూడలి మీదుగా వెళ్ళాలి.

పైన పటారం లోన లొటారం అన్నట్టు అలా నాలుగు నెలలు నెట్టుకొచ్చింది. కొత్తవాళ్ళని మైదానం దాటించకుండా, "ఇంకా చెయ్యి కుదరలేదు" అని సాకు చెప్పేది. ఆస్పత్రి వైపు రోడ్డు తవ్వేశారని అబద్ధమాడి అందరినీ చుట్టుదారిన తిప్పేది. ఇంట్లో అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. భర్త ఒకసారి, "నీ గడియారం ఆగిపోయి పది రోజులైంది. ఇవ్వు, చూస్తాను" అన్నాడు. ఆవిడ చేతి గడియారం ఆగిందని ఆవిడకే తెలియదు.

ఆ రోజుల్లో లైబ్రరీ ఆవిడ వచ్చి చేరింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. లైబ్రరీలో ముప్పైయేళ్ళు పుస్తకాలిచ్చి రిటైరైంది. ఇన్నాళ్ళూ కారు నడిపిన భర్తకి చూపు మందగించడంతో తను నేర్చుకోక తప్పలేదు. మొదటి రోజే సీటు బెల్టు పెట్టుకుంటూ, "ముందే చెబుతున్నానండీ, నాకు చచ్చే భయం" అంది, తనకి చెవుడున్నట్టో, మోకాలు నొప్పి ఉన్నట్టో చెప్పినంత మామూలుగా.

పిన్ని నియమం చెప్పింది. ఆవిడ దిగి, బ్యాగు భుజాన వేసుకుని, రెండు రౌండ్లూ నడిచొచ్చి, "అయింది. నడిచినా పోలేదండీ" అంది. మర్నాడు మళ్ళీ అదే మాట అంది, మళ్ళీ నడిచింది. సిగ్గనేదే లేదు. భయపడుతూనే క్లచ్ వదిలేది, భయపడుతూనే వెనక్కి తిప్పేది. ఎక్కడ అర్థం కాకపోయినా కారు ఆపేసి, "ఆగండి, ఇది నాకు చేతకావట్లేదు" అనేది. విచిత్రమేమంటే అందరికంటే తొందరగా నేర్చుకుంది.

అయిదో వారంలో ఆవిడ ఉన్నట్టుండి అడిగింది. "పిన్నిగారూ, ఒకటి అడగనా? నేను బ్రేకు వెయ్యకుండానే కారు ఆగిపోతోంది. బండిలో ఏమైనా లోపమా, లేక మీరే తొక్కుతున్నారా?"

"జాగ్రత్త కోసం" అంది పిన్ని ముక్తసరిగా.

ఆ రోజు నుంచి లైబ్రరీ ఆవిడ కారు నడుపుతూ అప్పుడప్పుడు పిన్ని పాదాల వైపు చూసేది.

ఒక గురువారం ఉదయం మామూలు చుట్టుదారిలో పైపు పగిలి రోడ్డు నిజంగానే మూసేశారు. ట్రాఫిక్ మనిషి చెయ్యి చూపించి అందరినీ ఎడమకి మళ్ళిస్తున్నాడు. వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి. లైబ్రరీ ఆవిడ ఎడమకి తిప్పింది. ఆ రోడ్డు తిన్నగా ఆస్పత్రి కూడలికే పోతుంది.

కూడలి ఇంకా కనపడకముందే పిన్నికి ఊపిరి అందడం మానేసింది. రెండు కాళ్ళూ బ్రేకు మీద వేసి తొక్కేసింది. కారు గట్టి కుదుపుతో ఆగిపోయింది. వెనక బండి అంగుళం తేడాలో ఆగి, అందులోంచి తిట్లు మొదలయ్యాయి.

"పిన్నిగారూ! ఏమైందండీ?"

"నేను... నావల్ల కాదు. దింపెయ్. నన్ను దింపెయ్."

తలుపు పిడి కోసం తడుముకుంటోంది. బళ్ళు రెండు వైపుల నుంచీ దూసుకుపోతున్నాయి. అక్కడ తలుపు తీస్తే ప్రమాదం.

లైబ్రరీ ఆవిడకీ భయమేసింది. కానీ ఆ మనిషికి భయపడుతూ పని చెయ్యడం అలవాటే. "తలుపు తియ్యకండి. నేను పక్కకి తీస్తా. మీరు కాళ్ళు మాత్రం వెనక్కి పెట్టుకోండి. కాళ్ళు తీస్తే గానీ కారు కదలదు. తీయండి, మెల్లగా... అదీ." ఇండికేటర్ వేసింది. కిటికీలోంచి చెయ్యి చాపి వెనకవాళ్ళని ఆపింది. రెండుసార్లు బండి ఆగిపోయింది, రెండుసార్లూ మళ్ళీ స్టార్ట్ చేసింది. చివరికి ఒక మందుల షాపు ముందు ఖాళీ చూసుకుని, చక్రం ఒకటి గట్టు ఎక్కించి మరీ ఆపింది.

ఇంజను ఆగాక కారులో పిన్ని ఊపిరి చప్పుడొక్కటే వినపడింది. లైబ్రరీ ఆవిడ నీళ్ళసీసా మూత తీసి అందించింది. పిన్ని సగం తాగేదాకా ఆగింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది చివరికి.

"యాక్సిడెంట్ అయిన దగ్గర్నుంచి."

"ఇంట్లో తెలుసా?"

పిన్ని తల అడ్డంగా ఊపింది. ఊపి, ఎవరో లోపల కట్ట తెంచినట్టు చెప్పడం మొదలుపెట్టింది. "ఆ పిల్ల ఆపుతానంది. లారీ ఆగేట్టు లేదంది. భయమేస్తోందని చెప్పింది. నేనే పదమన్నా. దానికి కనపడింది నాకు కనపడలేదు. కనపడలేదని కాదు, నేను చూడలేదు. భయమన్న మాట వినగానే నా చెవులు మూసుకుపోయాయి. అధికారి ముందు నా పరువు కాపాడింది ఆ పిల్ల. నేను నోరు మూసుకుని నిలబడ్డా. తర్వాత వేదికెక్కి నీతులు చెప్పి వచ్చా."

లైబ్రరీ ఆవిడ "మీ తప్పేం లేదులెండి" అనలేదు. ఆ మాట అని ఉంటే పిన్ని బహుశా మళ్ళీ మూసుకుపోయేది. "ముందు ఇంట్లో చెప్పండి. తర్వాత ఆ అమ్మాయికి" అంది. "ఇప్పుడు మాత్రం ఇటు నుంచి వెనక్కి పోయే బస్సెక్కి వెళ్దాం. ఈ కారు ఇక్కణ్ణుంచి తియ్యడం నా వల్ల కాదు, మీ వల్లా కాదు. మీ ఓనరుకి ఫోన్ చేసి చెబుదాం, ఎవరినైనా పంపిస్తాడు."

ఇంటికొచ్చేసరికి కూతురు ఇంట్లోనే ఉంది, ఆ రోజు సెలవు. బట్టలు మడతపెడుతోంది. భర్త ఏదో గోడగడియారం విప్పుకుని కూర్చున్నాడు. పిన్ని బూట్లు విప్పకుండానే మధ్యగదిలో నిలబడి, జరిగిందంతా మొదటి నుంచీ చెప్పింది. పదమని తను గదమాయించిన మాట కూడా దాచలేదు.

భర్త లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలియక ఆవిడ చేతిసంచీ తీసుకుని పట్టుకున్నాడు. కూతురు మాత్రం దగ్గరికి రాలేదు. ఆ పిల్ల మొహం ఎర్రబడింది.

"ఇప్పుడు చెబుతున్నావా?" అంది. "నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు ఎందుకు మానేశానో తెలుసా నీకు? ఇష్టం లేక కాదు. మొదటి రోజు నాకు కళ్ళు తిరిగాయి. నీకు చెబితే నవ్వుతావని చెప్పలేదు. నాన్న పోలిక, నాన్న పోలిక అని వచ్చినవాళ్ళందరి ముందూ అన్నావు. నాకు దేనికి భయమేసినా ముందు నువ్వు గుర్తొచ్చి ఇంకా భయమేసేది. ఎనిమిదేళ్ళమ్మా! ఈ ఇంట్లో నేనొక్కదాన్నే పనికిమాలినదాన్ననుకున్నా."

ఓదార్పు కాకపోయినా, కాస్త జాలి దొరుకుతుందని పిన్ని మనసులో ఎక్కడో అనుకుంది. ఆ కోపం చూసి నిలబడలేక మంచం అంచున కూర్చుంది. "నాకు తెలియదే" అంది.

"తెలుసుకోవాలనుకుంటే తెలిసేది."

పిన్ని ఏడ్చింది. తండ్రి పోయిన ముప్పైమూడేళ్ళకి, కాళ్ళకి బూట్లుండగానే, తలుపు తెరిచి ఉండగానే ఏడ్చింది. కూతురు కాసేపు గోడ వైపు చూస్తూ నిలబడి, మడతపెట్టిన బట్టలు పక్కకి జరిపి, తల్లికి కాస్త ఎడంగా కూర్చుంది. భర్త సంచీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆ ఆదివారం క్లినిక్ అమ్మాయి ఇంటికి పిన్ని ఒక్కతే వెళ్ళింది. అమ్మాయి తల్లి కొండంత సంబరపడి కుర్చీ వేసింది. ఆ సంబరం పిన్నికి ముళ్ళలా గుచ్చుకుంది. అమ్మాయి భుజం మీద మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. చెయ్యి చెవి ఎత్తుకి మించి లేవడం లేదు. క్లినిక్‌లో పైఅరలో ఫైళ్ళు వేరేవాళ్ళు తీసిస్తున్నారట.

పిన్ని తల్లి ఎదుటే చెప్పింది. "మీ అమ్మాయి ఆపుతానంది. నేనే ఆపనివ్వలేదు. తప్పు తనది కాదు. నిన్న ఆ విచారణ అధికారి ఆఫీసుకి కూడా వెళ్ళి రాసిచ్చాను."

తల్లి మొహంలో రంగు మారింది. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

"ఆ రోజు ఎందుకలా చెప్పావమ్మా, నీదే తప్పని?" అడిగింది పిన్ని.

"మీ మొహం చూసి" అంది అమ్మాయి. "మీరు భయపడటం అప్పుడే మొదటిసారి చూశాను. నాకు అది చూడబుద్ధి కాలేదు. మీరు కూడా అలా అయిపోతే ఇంక నేనెవర్ని పట్టుకోవాలి అనిపించింది. తర్వాత మీరే వచ్చి చెబుతారనుకున్నా. వస్తారని నెల రోజులు చూశా. టౌన్‌హాల్ మీటింగ్ వీడియో ఎవరో పంపించారు. అది చూశాక ఎదురుచూడటం మానేశా" అంది.

పిన్ని క్షమించమని అడగలేదు. అడిగితే ఆ పిల్ల ఇచ్చేస్తుందేమో, మళ్ళీ ఈవిడ బరువు కూడా తనే మోస్తుందేమో అనిపించింది. చేసింది తప్పని మాత్రం ఇంకోసారి చెప్పి లేచింది. తల్లి బయటికి రాలేదు.

ఓనరుకి సంగతి తెలిసి ముందు లబలబలాడాడు. స్కూలు పేరేమైపోవాలన్నాడు. తర్వాత చల్లబడి, స్కూలు గోడ మీద తను పెట్టించిన పిన్ని ఫోటో తనే దింపించి, మూడు నెలలు రోడ్డు పని పెట్టనన్నాడు. పిన్ని ఆస్పత్రిలో మనసు డాక్టరు దగ్గరికి వారం వారం వెళ్ళింది. ఆ డాక్టరమ్మ మాత్రలు తక్కువిచ్చి, పని ఎక్కువిచ్చింది. ఒకరోజు ఆగి ఉన్న కారులో కూర్చోవడం, ఇంకోరోజు కూడలి దాకా నడిచి వెళ్ళి బెంచీ మీద కూర్చుని రావడం. నడిచి వెళ్ళేటప్పుడు కొన్నిసార్లు లైబ్రరీ ఆవిడ తోడొచ్చేది, కొన్నిసార్లు కూతురు. కూతురి కోపం ఒక్కరోజులో పోలేదు. మాటల మధ్యలో గుప్పున లేచేది. లేచినప్పుడల్లా పిన్ని విని ఊరుకోవడం నేర్చుకుంది. కారు పాఠం కంటే అదే కష్టమైంది ఆవిడకి.

లైబ్రరీ ఆవిడ పరీక్ష పాసై భర్తని కంటి డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్తోంది. కూతురు వేరే స్కూల్లో, వేరే మాస్టరు దగ్గర చేరింది. అది విని ఓనరు నొచ్చుకున్నాడు గానీ పిన్ని నొచ్చుకోలేదు. పిన్నికి ఓనరిచ్చిన మూడు నెలలు చాలలేదు, తొమ్మిది నెలలకి రోడ్డెక్కింది. ఇప్పటికీ కొన్ని ఉదయాలు చెవుల్లో హోరు వస్తుంది. వచ్చిన రోజు, "నాకివాళ బాగాలేదు, మైదానంలోనే చేద్దాం" అని చెప్పేస్తుంది. ఈ మాటకి ఇద్దరు ముగ్గురు స్కూలు మారిపోయారు. భయపడే మాస్టరు దగ్గర నేర్చుకునేదేముంది అన్నారు. మిగిలినవాళ్ళు ఉన్నారు.

మరుసటి ఏడాది క్లినిక్ అమ్మాయి ఒక ఉదయం మైదానం గేటు దగ్గరికి వచ్చింది. బాగున్న చేతిలో పెట్టె ఉంది. వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికిందట. ఇద్దరూ ఎదురుగా ఉన్న టీ కొట్లో కూర్చున్నారు.

"మీ మీద కోపం పోయిందని చెప్పడానికి రాలేదు" అంది అమ్మాయి గ్లాసు తిప్పుతూ. "మొత్తం పోలేదు కూడా. వెళ్తున్నానని చెబుదామని వచ్చా."

"చెప్పావు, చాలమ్మా."

"అక్కడ ఎవరూ తెలియదు. కొంచెం భయంగానే ఉంది."

"ఉంటుంది మరి" అంది పిన్ని. "దిగగానే ఫోన్ చేస్తావా? చెయ్యాలనిపిస్తేనే."

అమ్మాయి గ్లాసు కింద పెట్టి లేచింది. పిన్ని పెట్టె అందుకుని బస్సు దాకా మోసింది, ఆ పిల్ల చెయ్యి ఇంకా బరువెత్తదు కదా. బస్సు మలుపు తిరిగేదాకా రోడ్డు పక్కనే నిలబడింది. తర్వాత మైదానంలోకి వచ్చింది. పదకొండు గంటల క్లాసుకి కొత్తగా చేరిన ఒకావిడ కారు పక్కన ఎదురుచూస్తోంది.